రెండో బ్యాటరీకి గుడ్డ కప్పలేదు

మా షాపులో ఒక ఎర్ర గుడ్డ ఉండేది. మా ఆవిడ పాత చీర కొంగులోంచి చింపి ఇచ్చింది. ఏ బండి బానెట్ ఎత్తినా ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, ఆ బ్యాటరీ మీద ఈ గుడ్డ కప్పేవాణ్ణి. గుడ్డ కప్పి ఉంటే బండిలో కరెంటు లేదని, ఎవరైనా చెయ్యి పెట్టవచ్చని అర్థం. మద్రాసు చింతాద్రిపేటలో మా సందులో పనిచేసే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. టీ తెచ్చే ఆయనకు కూడా తెలుసు, ఆయనకు దాంతో ఏ పనీ లేకపోయినా.

నేను బండ్లకు కరెంటు పని చేసేవాణ్ణి. నలభై ఏళ్లు చేసి, మూడేళ్ల కిందట మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీకు ఫోన్లోనే అన్నీ దొరుకుతున్నాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి రెండో బ్యాటరీ, గాలి కంప్రెసరు ఎలా బిగించాలో పది నిమిషాల్లో చూపించే వీడియోలు నేనూ చూశాను. బాగున్నాయి. వాటిలో ఎవరి వేలూ కాలలేదు. ఆ లోటు తీర్చడానికి ఇది రాస్తున్నాను.

షాపులో నాతో పాటు ఒక వెల్డరు ఉండేవాడు. రాయపురం మనిషి, నా ఈడువాడే. వాళ్లూ మాలాగే మూడు తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. బ్రాకెట్లు, దిమ్మెలు, ట్రేలు, రేకు పని అంతా అతనిది. వైర్లు నావి. ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద పనిచేశాం. ఆ ముప్పై ఏళ్లలో మేము మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే ఒక చిన్న నోటు పుస్తకం నిండదు. మాట్లాడినప్పుడు ఎక్కువగా పోట్లాడుకునేవాళ్లం.

కానీ ఒక మాట మాత్రం రోజూ ఉండేది. బండి దగ్గరికి వచ్చి, బానెట్‌లో చెయ్యి పెట్టే ముందు అతను అడిగేవాడు.

"చచ్చిందా?"

నేను తల ఎత్తకుండానే చెప్పేవాణ్ణి.

"చచ్చింది."

అప్పుడు చెయ్యి పెట్టేవాడు. గుడ్డ కళ్లెదుట కనిపిస్తున్నా అడిగేవాడు. మొదట్లో నాకు చిరాగ్గా ఉండేది. తర్వాత అలవాటైంది. తర్వాత అతను అడక్కపోతే నాకు తోచేది కాదు.

అతనితో నాకున్న పెద్ద తగువు ఉంగరం గురించి. కరెంటు పని జరిగే చోట చేతికి ఉంగరం, కడియం, ఇనప పట్టీ వాచీ ఉండకూడదు. నేను పొద్దున్నే నా ఉంగరం, వాచీ తీసి దేవుడి పటం కింద మేకుకు తగిలించేవాణ్ణి. అతను తీసేవాడు కాదు. అది పెళ్లినాడు చర్చిలో వాళ్లావిడ తొడిగిన ఉంగరం. పెళ్లినాటికి వేలు సన్నం. ఆ తర్వాత వేలు పెరిగింది, ఉంగరం పెరగలేదు. సబ్బు పెట్టినా కదిలేది కాదు.

"కోసి తీసేయప్పా" అనేవాణ్ణి.

"కోస్తే ఇంటికి పోయేదెట్ల?" అనేవాడు. అంతటితో ఆ ఏటికి తగువు ముగిసేది.

ఇక జీపు సంగతి. రాయపురంలో ఒక చిన్న ధర్మాసుపత్రి ఉంది. ఆ ఆసుపత్రి డాక్టరమ్మ వారానికి ఒకసారి ఉత్తరాన పులికాట్ సరస్సు పక్కనున్న పళవేర్కాడు అవతలి జాలరి పల్లెలకు, అక్కడి మాటలో కుప్పాలకు, వైద్యం చేయడానికి వెళ్లేది. ఆవిడది రాజమండ్రి. మద్రాసు వచ్చి నాలుగేళ్లే అయింది కాబట్టి ఇంకా అందరినీ మీరు అనేది. ఆ కుప్పాలకు రోడ్డు లేదు, ఇసకే. ఇసక మొదలయ్యే చోట టైర్లలో సగం గాలి తీసేస్తే జీపు కూరుకుపోకుండా వెళ్తుంది. తిరిగి తారురోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి నింపాలి. నాలుగు టైర్లకూ వాళ్ల డ్రైవరు సైకిలు పంపుతో గాలి కొట్టేవాడు. అతని నడుముకు ఆ డాక్టరమ్మే మందు ఇచ్చేది.

రెండో తంటా ఫ్రిజ్. పిల్లల టీకా మందులు చల్లగా ఉండాలని జీపు వెనకాల చిన్న ఫ్రిజ్ పెట్టారు. ఇంజన్ ఆపి రోజంతా వైద్యం చేస్తుంటే ఆ ఫ్రిజ్ బ్యాటరీని తాగేసేది. ఒకసారి సాయంత్రం జీపు స్టార్ట్ కాలేదు. ఊళ్లో వాళ్లంతా వచ్చి పడవలు లాగే తాడు కట్టి, పడవలు లాగే పాటే పాడుతూ లాగారట. జీపు రోడ్డెక్కింది గానీ ఈలోపు మందులు వేడెక్కాయి. ఒక పెట్టె మందు పారబోశారు. ఆ వారం కొంతమంది పిల్లలు టీకా లేకుండా ఉండిపోయారని చెబుతూ ఆవిడ మా స్టూలు మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంది.

"ఈ శుక్రవారం మళ్లీ వెళ్లాలండీ. అప్పటికి అవుతుందా?" అంది.

"అవుతుందమ్మా" అన్నాను. అప్పటిదాకా నేను రెండో బ్యాటరీ ఒక్క బండికీ బిగించలేదు. ఆ మాట ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

పని కష్టమేమీ కాదు. బానెట్‌లో చోటు లేదు కాబట్టి రెండో బ్యాటరీని వెనక సీటు కింద పెట్టాం. దానికి ఇనప ట్రే వెల్డరు కట్టాడు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు రెండు బ్యాటరీలూ చార్జి అవుతాయి. ఇంజన్ ఆగితే మధ్యలో ఉన్న రిలే రెంటినీ విడదీస్తుంది. ఫ్రిజ్, గాలి కంప్రెసరు రెండో బ్యాటరీని తాగుతాయి, ఇంజన్ బ్యాటరీ జోలికి పోవు. కంప్రెసరును మాత్రం బానెట్‌లోనే ఒక మూల, వెల్డరు చేసిన బ్రాకెట్ మీద కూర్చోబెట్టాం. వెనక బ్యాటరీ నుంచి దాని దాకా లావుపాటి వైరు ఒకటి లాగాను. ఆ వైరుకు ఫ్యూజు కూడా వేశాను. చేతికి అందేలా ఉంటుందని ముందువైపు, కంప్రెసరు పక్కనే వేశాను.

ఫ్యూజు బ్యాటరీ పక్కన ఉండాలి, ఎందుకంటే అది తన తర్వాతి వైరునే కాపాడుతుంది, తనకూ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరును కాదు. ఇది మొదటి ఏడాదిలోనే నేర్పే పాఠం. అప్పటిదాకా నేను పనిచేసిన బండ్లలో బ్యాటరీ బానెట్‌లోనే ఉండేది కాబట్టి, ఫ్యూజు బానెట్‌లో వేస్తే బ్యాటరీ పక్కన వేసినట్టే అయ్యేది. చేతికి బానెట్ గుర్తుంది, బ్యాటరీ గుర్తు లేదు.

గురువారం మధ్యాహ్నానికి బ్రాకెట్ బోల్టులు బిగించడం ఒక్కటే మిగిలింది. డాక్టరమ్మ బండి చూసుకోవడానికి వచ్చి, స్టూలు మీద కూర్చుని మందుల జాబితా రాసుకుంటోంది. నేను ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీసి ఎర్ర గుడ్డ కప్పాను. వెల్డరు స్పానరు పట్టుకుని వచ్చాడు.

"చచ్చిందా?"

"చచ్చింది" అన్నాను.

కుడి చేత్తో స్పానరు తిప్పుతూ ఎడమ చేత్తో బ్రాకెట్ పట్టుకున్నాడు. ఆ లావుపాటి వైరు ఫ్యూజు దగ్గరి కొసకు నేను ఇంకా రబ్బరు టోపీ తొడగలేదు. ఉంగరం ఒక వైపు ఆ కొసకు, ఇంకో వైపు బ్రాకెట్‌కు తగిలింది.

టప్‌మని ఒక చిన్న చప్పుడు. అతను అరవలేదు. ఎడమ చెయ్యి వెనక్కి లాక్కుని, దాన్ని వేరే ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు. వేలి చుట్టూ తెల్లగా అయిపోయింది. వాసన వచ్చింది. ఆ వాసన గురించి రాయను.

డాక్టరమ్మ కాగితాలు కింద పడేసి వచ్చి అతని చేతిని మా నీళ్ల డ్రమ్ములో ముంచింది. చాలాసేపు ముంచి ఉంచింది. తర్వాత వేలు చూసి, "ఉంగరం ఇప్పుడే తీసెయ్యాలి, వాపు వస్తే వేలికి రక్తం ఆడదు" అంది. ప్లగ్గుల సందు కొలిచే సన్న రేకు ఒకటి ఉంగరం కిందికి నెమ్మదిగా దూర్చింది. కటింగ్ ప్లయరుతో నొక్కి చూసింది, ఆవిడ చేతిబలం చాలలేదు.

"మీరు కొయ్యండి" అంది నాతో.

పాతికేళ్లుగా కొయ్యమంటున్న ఉంగరం ఆ విధంగా నేనే కోశాను. రెండు చోట్ల కోయాల్సి వచ్చింది. అతను పళ్లు బిగబట్టి మా పైకప్పు రేకులు చూస్తూ నిలబడ్డాడు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే డాక్టరమ్మ నన్ను అడిగింది.

"బ్యాటరీ వైరు తీసేసే కదా పని చేస్తున్నారు? మరి కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందండీ?"

"వైర్లలో కొంచెం మిగిలి ఉంటుందమ్మా" అన్నాను.

ఆవిడ నమ్మింది. ఆవిడ చదివింది వైద్యం. పిల్లలూ, వైర్లలో ఏమీ మిగిలి ఉండదు. ఎవరైనా అలా చెబితే అతను మీకు తెలియనిదేదో దాస్తున్నాడని అర్థం.

నిజానికి ఆ మాట అన్నప్పుడు ఏం జరిగిందో నాకూ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఆసుపత్రిలో కట్టు కడుతుండగా వెల్డరు భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె దగ్గర్లోని ఒక బడిలో ఆయా. చేతిలో అన్నం కలిపిన గరిటె అలాగే ఉంది. అగ్గిపెట్టెలో పెట్టిన ఉంగరం ముక్కలు చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"నేనే అన్నా చేసింది. తీసేస్తానని ఈ మనిషి ఎన్నితూర్లు అన్నాడో. పెండ్లి ఉంగరం తీస్తే మంచిది గాదని నేనే తీయనీలే."

అప్పుడు నేను అనాల్సిన మాట ఒకటి ఉంది. నేను అన్నది ఇది.

"నేనూ ఎన్నోసార్లు చెప్తిని చెల్లెమ్మా. వినలే."

లోపల మంచం మీద వెల్డరు తల తిప్పి నన్ను చూశాడు.

వేలి కీలు దాకా కాలిందని, పది పన్నెండు రోజులు ఆగితే గానీ వేలు ఉంటుందో తీసేయాలో తెలియదని డాక్టరమ్మ చెప్పింది. వెల్డరుకు ఎడమ చెయ్యి అంటే ముక్కను పట్టుకునే చెయ్యి. వేలు పోతే పట్టు పోతుంది. పట్టు పోతే అతని వయసులో ఇంకో పని ఎవరిస్తారు?

మర్నాడు తెల్లారగానే షాపుకు వెళ్లాను. జీపు శుక్రవారం వెళ్లాలి కదా. బానెట్ ఎత్తి ఉంది, ఎర్ర గుడ్డ కప్పింది కప్పినట్టే ఉంది. టెస్ట్ ల్యాంపు తీశాను. టెస్ట్ ల్యాంపు అంటే ఒక చిన్న బల్బు, రెండు వైర్లు. ఒక వైరు బండి బాడీకి తగిలించి, రెండో కొస అనుమానం ఉన్న చోట పెడితే, కరెంటు ఉంటే వెలుగుతుంది. కంప్రెసరు వైరు కొసకు పెట్టాను.

వెలిగింది.

వెనక సీటు కింద రెండో బ్యాటరీ ఏ గుడ్డా లేకుండా హాయిగా కూర్చుని ఉంది. దాని నెగటివ్ నేను ఊడదీయలేదు. ఒక బండికి ఒక బ్యాటరీ, ఒక బ్యాటరీకి ఒక గుడ్డ అని చేతికి అలవాటు. ఆ రెండో బ్యాటరీని ముందురోజే నా రెండు చేతులతో మోసుకెళ్లి అక్కడ పెట్టింది నేనే. ఫ్యూజు దాని పక్కన ఉండి ఉంటే వేలు కాలేలోపే తెగిపోయేది. అది కూడా నేనే ముందువైపు పెట్టాను. సిగ్గు అనే మాట చిన్నది.

పని సరిచేశాను. ఫ్యూజు బ్యాటరీ పక్కకు మార్చాను, వైరు కొసకు టోపీ తొడిగాను, మిగిలిన బోల్టులు బిగించాను. జీపు వెళ్లింది. సాయంత్రం తిరిగి వచ్చి డ్రైవరు మా గుమ్మంలో నిలబడి అరగంట మెచ్చుకున్నాడు. ఫ్రిజ్ చల్లగా ఉంది, గాలి టక్కున నిండింది, నడుం నొప్పి లేదు అన్నాడు. కుప్పం వాళ్లు ఇచ్చారని ఒక సంచీ నిండా రొయ్యలు ఇచ్చి వెళ్లాడు. మా ఇంట్లో అందరూ తిన్నారు. నాకు ఆకలి లేదన్నాను.

ఆ తర్వాత రోజూ ఆసుపత్రికి వెళ్లేవాణ్ణి. వెల్డరు పక్కన కూర్చునేవాణ్ణి. ఇద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలియదు. వాళ్లావిడ మాత్రం రోజురోజుకూ పీక్కుపోయింది. చర్చిలో మోకాళ్ల మీద ఉండి ఉంగరం గురించి క్షమాపణ అడుగుతోందట. సందులో వాళ్లు కూడా ఉంగరం తప్పే అన్నారు. అందరూ ఒకే మాట అంటుంటే అది నాకూ నిజమేమో అనిపించేది, కొద్దిసేపు.

పదకొండో రోజు కట్టు విప్పి చూస్తామన్నారు. ఆ రోజు పొద్దున బస్సులో కూర్చుని ఒక లెక్క వేసుకున్నాను. వేలు నిలిచిందని తెలిశాక చెబితే అది చెప్పడం కాదు, దక్కింది కదా అని చెప్పడం. వేలు పోయిందని తెలిశాక చెప్పే ధైర్యం నాకు లేదు. ఇక చెప్పడానికి మిగిలింది కట్టు విప్పకముందే.

ఆసుపత్రి వసారాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. నేను కూర్చోలేదు.

"చెల్లెమ్మా, ఉంగరం గాదు. ఎనక బ్యాటరీ నేను ఊడదీయలే. బండి బతికే ఉండాది. చచ్చిందని నేనే చెప్తిని."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ దినమే చెప్పుంటే నేను ఇన్ని దినాలు ముద్ద మింగి ఉందును గదన్నా" అంది.

వెల్డరు తన కట్టు వైపు చూసుకుంటూ అన్నాడు.

"ఎనక ట్రే కట్టింది నేను. దాంట్లో బ్యాటరీ ఉండాదని నాకు తెలీదా? ఆటోలో పోతానే తెలిసిపోయింది."

"మరి ఎందుకప్పా చెప్పలే?"

"నువ్వు చెప్తావా లేదా అని చూస్తా ఉంటి. ఇంత చిన్న మాటకి పదకొండు దినాలా?"

లోపలి నుంచి పిలిచారు. వాళ్లిద్దరూ వెళ్లారు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డాను. డాక్టరమ్మ కట్టు విప్పి, వేలి కొసను గిల్లింది. అతను అబ్బా అన్నాడు. పాతికేళ్లలో అతని నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. డాక్టరమ్మ నవ్వింది. వేలు నిలిచింది. పై కీలు మాత్రం మళ్లీ వంగలేదు. నేను ఆవిడకు కూడా మిగిలిన కరెంటు సంగతి సరిచేసి చెప్పాను. ఆవిడ విని, "మేమూ అప్పుడప్పుడూ ఇలాంటి మాటలే చెబుతాం లెండి" అంది.

రెండు నెలలకు వెల్డరు పనిలోకి వచ్చాడు. ఉంగరాన్ని జార్జి టౌన్‌లో ఒక కంసాలి అతికించి ఇస్తే వాళ్లావిడ మెళ్లో గొలుసుకు వేసుకుంది. వచ్చిన రోజు ఒక బండి బానెట్ ఎత్తి ఉంది. నెగటివ్ ఊడదీసి గుడ్డ కప్పాను. ఒకటే బ్యాటరీ ఉన్న మామూలు బండి. అతను దగ్గరికి వచ్చాడు. నేను తల వంచుకుని ఆ మాట కోసం ఎదురుచూశాను.

అడగలేదు. మేకుకున్న టెస్ట్ ల్యాంపు తీసుకుని, తనే పెట్టి చూసి, మళ్లీ మేకుకు తగిలించి, చెయ్యి పెట్టాడు.

ఆ తర్వాత ప్రతి బండికీ అంతే. నేను రెండో ఎర్ర గుడ్డ తెచ్చాను. వెల్డింగ్ అయినా, బోల్టు అయినా, ముందు ల్యాంపు. కోపం లేదు, పోట్లాటలు ఎప్పటిలాగే ఉన్నాయి. మధ్యాహ్నం అతని డబ్బాలో చేప ముక్క నాకు వచ్చేది. కానీ ఆ మాట పోయింది. పద్ధతి ప్రకారం అతను చేస్తున్నదే సరైన పని. మీరూ అలాగే చేయాలి. అది సరైన పని అని తెలిసీ, అతను ల్యాంపు అందుకున్న ప్రతిసారీ నాకు బాధగా ఉండేది.

అలా ఐదేళ్లు గడిచాయి. చూపు తగ్గి నేను షాపు వదిలేద్దామనుకున్న నెలలో, ఆఖరి బండిగా ఆ జీపే వచ్చింది. వెనక బ్యాటరీ వయసైపోయింది, మార్చాలి, ట్రే కూడా తుప్పు పట్టింది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి గుడ్డ కప్పాను. వెనక బ్యాటరీ నెగటివ్ తీసి రెండో గుడ్డ కప్పాను. వెల్డరు స్పానరుతో వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. ల్యాంపు వైపు వెళ్లలేదు. వంగని వేలితో మీసం రుద్దుకున్నాడు.

"చచ్చిందా?" అన్నాడు.

ఐదేళ్లు ఆ మాట కోసం చూశాను. వచ్చినప్పుడు నా నోట జవాబు రాలేదు. రెండు గుడ్డలూ నేనే కప్పాను, రెండు వైర్లూ నా చేతులతోనే తీశాను, అయినా రాలేదు. మేకుకున్న టెస్ట్ ల్యాంపు తీసి అతని చేతిలో పెట్టాను.

"నువ్వే చూడప్పా" అన్నాను.

అతను వంగి ల్యాంపు పెట్టాడు. ఒక చోట కాదు, నాలుగు చోట్ల పెట్టాడు. ప్రతి చోటా పెట్టి బల్బును నావైపు తిప్పి చూపించాడు, నా చూపు తగ్గిందని. ఒక్కచోటా వెలగలేదు.

"చచ్చింది" అని నాకు చెప్పి, చెయ్యి లోపల పెట్టాడు.